ముట్టుకుంటే పన్ను

మ్యూజియంలో వస్తువుల మీద చెయ్యి వేస్తే కాపలావాడు ఈల వేసే రోజులు పోయాయి. ఇప్పుడు చెయ్యి వేయకపోతేనే అనాగరికం. 1969లో ఫ్రాంక్ ఆపెన్‌హైమర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘ఎక్స్‌ప్లొరటోరియం’ తెరిచి, ఇక్కడున్నవన్నీ నొక్కండి, తిప్పండి, లాగండి అన్నాడు. ఆయన అణుబాంబు ఆపెన్‌హైమర్‌కి స్వయానా తమ్ముడు. అన్న చేసినదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, తమ్ముడు చేసినదాన్ని అందరూ ముట్టుకోవాలి. ఆ ఇంటి లెక్క అలా సరిపోయింది. ఆ గాలి తిరిగి తిరిగి మన తీరానికీ వచ్చింది. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామి 2002 నుంచీ జనాన్ని తన పొట్టలోకి రానిస్తోంది, వెళ్లి చూడదగ్గదే. దాంతో మిగిలిన ఊళ్లకూ ఆశ పుట్టింది. ప్రతి ఊరికీ ఒక ‘ఎక్స్‌పీరియన్స్ సెంటర్’ కావాలి. కుళాయిలో నీళ్లు తర్వాతైనా రావచ్చు, అనుభవం మాత్రం ముందు రావాలి.

చీరాల సంగతి చూద్దాం. రైలు దిగి, గడియార స్తంభం దగ్గర నిలబడి, “మ్యూజియం ఎటండీ?” అని అడగండి. “ఎం.జి.సి. మార్కెట్టా? ఇట్టా నేరుగా పొండి” అంటారు. అది కాదండీ, మ్యూజియం అని గట్టిగా అంటే, “టోకా, చిల్లరా?” అంటారు. వాళ్ల చెవిలో లోపమేమీ లేదు. చీరాలకు వచ్చినవాడు గుడ్డల కోసమన్నా రావాలి, ఓడరేవులో సముద్రం కోసమన్నా రావాలి. చరిత్ర కోసం వచ్చానంటే ఏ పార్టీ తరఫున అని అడుగుతారు.

ఈ కొరత తీర్చడానికి నేనొక ప్రతిపాదన రాసి పెట్టాను. ఫీజు లేదు, టెండరు లేదు. అయినా కన్సల్టెంటు వస్తాడు, రాకుండా ఏ పనీ మొదలుకాదు. హైదరాబాదు నుంచి వస్తాడు, శనివారం వస్తాడు, రామాపురం రిసార్టులో దిగుతాడు. అతని ల్యాప్‌టాప్‌లో మన మ్యూజియం అప్పటికే తయారై ఉంటుంది. పోయిన నెల ఇంకో ఊరికి చూపించినదే, పేరు మార్చి. ఒక స్లైడులో ఏనుగు కూడా ఉంటుంది. చీరాలలో ఏనుగేమిటి నాయనా అంటే, “పిల్లలు ఎంగేజ్ అవుతారు సర్” అంటాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేస్తాడు: “మీ ఊరి థీమ్ ఏంటి సర్?”

నా జవాబు సిద్ధంగా ఉంది. పన్ను.

ఈ తీరం చరిత్రను ఎక్కడ తవ్వినా పన్నే తగులుతుంది. ఎవరు వసూలు చేశారు, ఎంత చేశారు, ఎవరు కట్టనన్నారు అనే మూడు ముక్కల్లో మొత్తం కథ ఉంది. మిగతాదంతా అలంకారం. కాబట్టి చీరాల మ్యూజియాన్ని పన్నుల మ్యూజియంగానే కట్టాలి, అదీ సందర్శకుడి చేతులతో తాకిస్తూ.

మొదటి గది మోటుపల్లి. ఊరికి దక్షిణాన, చినగంజాం వైపు. ఇవాళ అది పల్లె, కాకతీయుల నాడు పెద్ద రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అంతకు ముందు రాజుల పద్ధతి సులువుగా ఉండేది: గాలివానకు దారి తప్పి ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే సరుకంతా రాజుదే. గణపతిదేవుడు ఆ దోపిడీ మానేస్తున్నానని, సరుకులో ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే పుచ్చుకుంటానని, దేశదేశాల వర్తకులు భయం లేకుండా రావచ్చని చెప్పి, ఆ మాటను రాతి మీద చెక్కించాడు. రాతి మీద ఎందుకంటే, కాగితం మీద అయితే వచ్చే ఏడు సవరణ ఉత్తర్వు వస్తుంది. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రాజ్యాన్ని రేవు పేరుతోనే ముట్‌ఫిలి అని పిలిచి, పాలిస్తున్న రాణి న్యాయాన్నీ, ఇక్కడ నేసే బట్టల సన్నదనాన్నీ మెచ్చుకున్నాడు. ఇంతకన్నా మంచి ప్రచారం ఏ టూరిజం శాఖకూ దొరకదు. వెనీసు వాడికి తెలిసిన మోటుపల్లికి చీరాల బడిపిల్లల బస్సు ఎన్నిసార్లు పోయిందో వాళ్ల పంతుళ్లను అడగండి.

గదిలో రెండు మీటలు పెడదాం. మొదటిది నొక్కితే బొమ్మ ఓడ తీరానికి తగిలి, భటుడొచ్చి సరుకంతా ఎత్తుకుపోతాడు. రెండోది నొక్కితే భటుడు ముప్పయ్యింట ఒక మూట మాత్రం తీసుకుని మిగతావి తిరిగి ఇచ్చేస్తాడు. ఈ రెండో మీటను పిల్లలు నమ్మరు, యంత్రం చెడిపోయిందనుకుంటారు. అందుకని పక్కనే ‘ఇది నిజంగా జరిగింది’ అని బోర్డు అవసరం.

ఇక పెద్ద హాలు. దీనికి తలుపులు విశాలంగా ఉండాలి, ఎందుకంటే ఇందులోంచి ఊరు ఊరంతా బయటికి నడవాలి.

చీరాల, పేరాల, చుట్టుపక్కల పేటలు కలిసి యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి కట్టే పన్ను 4 వేల రూపాయలు. మద్రాసు ప్రభుత్వం వాటికి మునిసిపాలిటీ హోదా ఇచ్చి గౌరవించేసరికి అది 40 వేలయింది. నేతగాళ్లు, చిన్న రైతులు ఉండే ఊరు. పదింతల గౌరవం మాకొద్దు బాబూ అని అర్జీలు పెట్టుకున్నారు. అప్పుడు స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి పానగల్లు రాజా. ఆ శాఖ పేరులో ‘స్వ’ ఎవరిదో జనానికి అప్పుడే అర్థమైంది. పన్ను కట్టనన్నవాళ్లను జైలుకు పంపారు, వాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఆ సమయానికి ఊరికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య దొరికాడు. ఎడింబరోలో ఎం.ఏ. చదివిన మనిషి, ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి ‘అభినయదర్పణం’ ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి, వేదికెక్కితే పాట, పద్యం, వెక్కిరింత మూడూ కలిపి ప్రయోగించే మనిషి. కాషాయం కట్టించి, రుద్రాక్షలు వేయించి, రామదండు అని ఒక వాలంటీర్ల దండును తయారుచేశాడు. బెజవాడ కాంగ్రెస్ సమావేశం ముగించుకుని గాంధీ 1921 ఏప్రిల్ 6న చీరాల వచ్చాడు. శాంతంగా పన్ను నిరాకరించి జైళ్లకు పోవడం ఒక దారి. అది చేతకాకపోతే ఊరే ఖాళీ చేయండి, ఇళ్లే లేకపోతే మునిసిపాలిటీ దేనిమీద నిలబడుతుంది అన్నాడు. మామూలుగా నాయకులు ఇచ్చే సలహాలను జనం చప్పట్లు కొట్టి మర్చిపోతారు. చీరాల వాళ్లు చప్పట్లు కొట్టి, మూటలు కట్టారు. 15,326 మంది ఉన్న ఊళ్లోంచి 13,572 మంది బయటికి నడిచి, ఊరి అవతల తాటాకు పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. అది మే నెల. చీరాల మే నెల అంటే ఏమిటో తెలిసినవాడికి ఆ సంఖ్య గొప్పతనం ఇంకాస్త తెలుస్తుంది. తగాదాలు తీర్చుకునే పంచాయతీ వాళ్లదే. మునిసిపాలిటీకి మిగిలింది తాళాలు వేసిన ఇళ్లు, పన్ను పుస్తకం. అలా 11 నెలలు. గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి జైలుకు పంపారు, చందాలు ఆగిపోయాయి, వానలూ ఎండలూ రెండూ చూశారు. చివరికి తిరిగొచ్చారు.

ఓడిపోయారా? పాఠ్యపుస్తకం ఈ ప్రశ్న వేయదు, మార్కులకు ఇబ్బంది. నా లెక్కలో వాళ్లు ఓడిపోయారు, కానీ ఆ ఓటమి చూశాక ఏ ప్రభుత్వమైనా పన్ను పుస్తకం తెరిచే ముందు ఒకసారి కిటికీలోంచి చూసుకోవాలి. ఆ భయం ఎన్నాళ్లుందో చెప్పలేను. 1921కి సరిగ్గా వందేళ్లకు, 2021లో, అదీ గాంధీ జయంతినాడు మొదలుపెట్టిన ‘క్లాప్’ పథకంతో రాష్ట్ర పట్టణాలకు చెత్త పన్ను వచ్చింది. శతజయంతిని ఇంత నిష్ఠగా జరిపిన ప్రభుత్వం ఇంకోటి ఉండదు. ఎవరూ పాకలు వేసుకోలేదు. రామనగరం వాట్సాప్‌లో వెలిసింది, ఫార్వర్డుల మీద ఫార్వర్డులు, పన్ను మాత్రం చాలామంది గొణుక్కుంటూ కట్టారు. తర్వాత ప్రభుత్వం మారింది, 2024 చివరికి చెత్త పన్ను పోయింది. ఊరు ఖాళీ చేయడం కంటే కుర్చీ ఖాళీ చేయించడం తేలికని జనం నేర్చుకున్నారని సంతోషిద్దామా, లేక ఐదేళ్లకోసారి తప్ప కదలడం మానేశారని చింతిద్దామా? కమిటీ తేల్చాలి.

ఈ హాలు గురించి కన్సల్టెంటు చాలా ఉత్సాహపడతాడు. అతని ప్లాను ఇలా ఉంటుంది: ఆరు పాకలు, తాటాకు ఫైబరుది, లోపల ఏసీ. సందర్శకుడు రామదండు బట్టలు అద్దెకు తీసుకుని, రుద్రాక్షలు ప్లాస్టిక్‌వి వేసుకుని, కళ్లకు వీఆర్ పెట్టుకుని పాకలో కూర్చుంటాడు. 11 నెలల త్యాగం 11 నిమిషాల్లో అయిపోతుంది. బయటికి వస్తే దుగ్గిరాలతో సెల్ఫీ, ఆపైన దుకాణం. ఈ ప్లానులో నాకు నచ్చనిదొక్కటే. నేను పెట్టమన్న మీటను తీసేశాడు. గోడ మీద ఒకే ఒక్క మీట, దాని కింద ‘కట్టను’ అని రాసి ఉంటుంది. నొక్కితే ఏం జరుగుతుందో ముందే చెప్పకూడదు. “అది సెన్సిటివ్ సర్” అన్నాడు. “ప్రారంభోత్సవానికి మునిసిపల్ చైర్మన్ గారే వస్తారు కదా, ఆయన చెయ్యి పొరపాటున తగిలితే?”

తగిలితే ఏమవుతుందో చూడాలనే నాకు కోరిక. మునిసిపాలిటీ వద్దని ఊరొదిలిన ఊళ్లో ఆ పోరాటానికి మ్యూజియం కట్టాలంటే ప్లాను మంజూరు మునిసిపాలిటీయే చేయాలి, కుళాయి కనెక్షన్ మునిసిపాలిటీయే ఇవ్వాలి, ఆఖరికి ఆ భవనానికి ఆస్తి పన్ను డిమాండ్ నోటీసు కూడా మునిసిపాలిటీయే పంపాలి. ఆ నోటీసును పటం కట్టి మధ్య గోడకు తగిలిస్తే అంతకన్నా మంచి ప్రదర్శన వస్తువు ప్రపంచంలో ఉండదు.

తాకి చూడడం అనేది మనకు కొత్త విద్య అనుకోవద్దు. అమరావతి స్తూపం మీద మనం వేసినన్ని చేతులు ఏ ఎక్స్‌ప్లొరటోరియంలోనూ పడలేదు. 1797లో కాలిన్ మెకంజీ చూసేసరికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు దిబ్బ తవ్వి పాలరాళ్లను కట్టడాలకు మోసుకుపోతున్నారు. బుద్ధుడి కథలు చెక్కిన పలకలు కొన్ని సున్నం బట్టీలోకి పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసుకు తరలించాడు, అక్కణ్నుంచి 1859లో కొన్ని లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక క్షేమంగా ఉన్నాయి. మనం ముట్టుకున్నవి సున్నమయ్యాయి, మనల్ని ముట్టుకోనివ్వనివి మిగిలాయి. ఈ సంగతి కన్సల్టెంటుకు చెప్పకండి, స్లైడు చేస్తాడు.

లండన్ అంటే గుర్తొచ్చింది, చీరాల రుమాలు. తేలియా రుమాలు, ఆసియా రుమాలు అనేవాళ్లు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టేవారు. అప్పుడుగాని ఆ ఎరుపు నూలుకు పట్టేది కాదు, పట్టాక ఒదిలేదీ కాదు. తర్వాత చిటికి కట్టి, ఎరుపు, నలుపు, తెలుపు మూడు రంగుల్లో నేసేవారు. ఎడారిలో తలకు చుట్టుకుంటే చల్లగా ఉంటుందని అరబ్బులు, ఆఫ్రికా తీరం వాళ్లు కొనేవారు. మొదట పూలూ గీతలూ ఉండేవి, పోనుపోనూ విమానాలు, గడియారాలు, సింహాలు కూడా రుమాలెక్కాయి. విమానం ఎక్కని నేతగాడు విమానాన్ని పడుగులోనే కొలతపెట్టి ఎగరేశాడు. ఇంతటి ముచ్చటైన గుడ్డ ఇంకెక్కడుంది?

చీరాలలో తప్ప చాలాచోట్ల ఉంది. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వాళ్లు దాచుకున్నారు. తెలంగాణలో నల్గొండ దిక్కున పుట్టపాక నేతగాళ్లు చేయి విడవకుండా పట్టుకున్నారు. 2020లో పుట్టపాక పేరు మీదనే తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మనం వదిలేశాం, వాళ్లు నిలబెట్టారు, గుర్తింపు వాళ్లదే. చీరాలలో మాత్రం ఆ వార్త వచ్చిననాడు కొందరు పౌరులు భగ్గుమన్నారు, రుమాలు మాదేనన్నారు. ఆఖరి రుమాలు మీ పేటలో ఎప్పుడు నేశారండీ అని అడిగితే టీ చల్లారిపోతోందన్నారు. ఊరొదిలి పోయిన 13,572 మంది 11 నెలలకు తిరిగొచ్చారు. రుమాలు రాలేదు.

ఈ గదిలో సందర్శకుడి చేతులను నిజంగా నూనె తొట్టిలో పెట్టించాలని నా పట్టుదల. ఆ జిడ్డు, ఆ బూడిద ఘాటు, గోళ్లలో నాలుగు రోజులు వదలని వాసన. కన్సల్టెంటు తొట్టి పక్కన శానిటైజర్ పెట్టమన్నాడు. నా పక్కన నిలబడ్డ జాండ్రపేట పెద్దాయన అంతసేపూ మౌనంగా ఉన్నవాడు, అప్పుడు నోరు విప్పాడు.

“బాబూ, ఆ సీసాలో మందు చల్లితే రంగు పట్టదు.”

“రంగు వేయం అంకుల్, ఊరికే ఫీల్ కోసం.”

“ఊరికే అయితే మంచినూనె ఎందుకు పాడుచేయటం? మా ఇంటికి పంపు, కూరలోకన్నా పనికొస్తది.”

కన్సల్టెంటు ఆ మాట రాసుకున్నాడు. ‘లోకల్ హ్యూమర్’ అనే శీర్షిక కింద.

దారిలో ఒక చిన్న వరండా జిల్లాలకు కేటాయించాను. సందర్శకుడు నేల మీద గీసిన గుండ్రంలో నిలబడాలి, కదలకూడదు. గోడమీద చక్రం తిప్పితే బోర్డు మారుతుంది: గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు జిల్లా, కొంతకాలానికి అదే ప్రకాశం, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. అతను నిలబడ్డ చోటే ఉంటాడు, అర్జీ పట్టుకుని తిరగవలసిన ఆఫీసు మాత్రం ఊళ్లు మారుతుంది. పెద్దగా ఖర్చులేని ప్రదర్శన, చక్రం ఒకటి చాలు.

చివరిది మగ్గం గది. దీని గురించి అందరికీ ఏకాభిప్రాయం ఉంది, కాబట్టి దీంట్లోనే ఎక్కువ అన్యాయం జరుగుతుంది.

గుంట మగ్గం పెడతారు. సందర్శకుడు చెప్పులు విప్పి, కాళ్లు గుంటలోకి దింపి, నాడెను అటూ ఇటూ విసిరి, రెండు పోగులు తెంపి, ఫొటో దిగి లేస్తాడు. తెగిన పోగులు అతకడానికి పక్కన ఒక నేతగాడు ఉంటాడు. ఆయన హోదా ‘లైవ్ డెమాన్‌స్ట్రేటర్’. ముప్పై ఏళ్లుగా మాస్టర్ వీవరు ఇచ్చిన పడుగు మీద కుప్పడం చీరలు నేసి కూలి తీసుకున్నవాడికి ఇది పదోన్నతే: నేసినన్నాళ్లూ చీరకింత అని ఇచ్చారు, నేస్తున్నట్టు నటిస్తే నెలజీతం ఇస్తున్నారు. ఆయన కొడుకు బెంగళూరులో ఏదో కంపెనీలో గేటు దగ్గర ఉంటాడు. తండ్రి మ్యూజియంలో చేరాడని తెలిసి, “మంచిదే నాన్నా, నీడపట్టున కూర్చోవచ్చు” అన్నాడట. నడుముదాకా గుంటలో కూర్చున్న మనిషికి నీడ కొత్తగా ఏం దొరుకుతుందో ఆ పిల్లాడికి తెలియక అనలేదు.

వాస్తవికత కావాలంటే నవంబరులో ఈ గదిలోకి నీళ్లు వదలాలని రాశాను. సముద్రానికి ఇంత దగ్గర ఊళ్లో ముసురు పట్టిందంటే మగ్గం గుంటలో ఊట ఊరుతుంది, పడుగు చెమ్మకు పోగు నిలవదు, ఆరేదాకా పని లేదు, పని లేని రోజుకు కూలి లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన సంగతి తెలిసినవాళ్లున్నారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంత పెద్ద తుపానులే అక్కర్లేదు, రెండు రోజుల జల్లు చాలు. కన్సల్టెంటు కళ్లు మెరిశాయి. “వాటర్ ఫీచర్! కింద నీలం లైట్లు వేద్దాం సర్.”

ఈ గదిని ఏడాదికి ఒక రోజు, ఆగస్టు 7న, ఉచితంగా తెరవాలి. 2015 నుంచి ఆ రోజు జాతీయ చేనేత దినోత్సవం. 1905 స్వదేశీ ఉద్యమం గుర్తుగా పెట్టారు. ఆ పూట అధికారులందరూ చేనేత కట్టుకుని ఫొటో పెడతారు, మడతలు ఇంకా విడవని చేనేత. ఎనిమిదో తారీఖుకి ఎవరి పాలియెస్టర్ వాళ్లది.

పన్ను విషయం మర్చిపోలేదు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు చేనేత గుడ్డ మీద 5 శాతం పడింది. అదే జీఎస్టీ చట్టం కింద మ్యూజియం ప్రవేశ రుసుముకు మినహాయింపు ఉంది. రెండూ కలిపి చదవండి. చీరాల నేతగాడు నేసిన చీర కొంటే పన్ను కట్టాలి. అదే నేతగాణ్ణి అద్దం గదిలో కూర్చోబెట్టి టిక్కెట్టు కొని చూస్తే పన్ను లేదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం చేనేత మీది జీఎస్టీ భారం తానే మోస్తానంది, మోస్తే సంతోషమే. ఈలోగా చట్టం నేతగాడికి చెప్పదలచుకున్నది మాత్రం స్పష్టంగానే ఉంది: పనివాడిగా నువ్వు ఖరీదు, జ్ఞాపకంగా నువ్వు చవక. గణపతిదేవుడికి ఈ ఆలోచన రాలేదు పాపం, ఓడల మీదే పడ్డాడు.

మీరు కోపంగా, ‘ఇంత వెటకారమెందుకయ్యా, ఒక్క మంచి చోటన్నా లేదా’ అనవచ్చు. ఉంది, పక్కనే వేటపాలెంలో ఉంది. సారస్వత నికేతనం 1918లో పుట్టింది, భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశాడు, ఆయన చేతికర్ర ఒకటి అక్కడే ఉంది. పాత తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, వందేళ్ల నాటి కాగితాన్ని వేళ్లతో తిప్పుతారు. మీట లేదు, లైటు లేదు, వీఆర్ లేదు. చరిత్రను నిజంగా చేత్తో పట్టుకునే చోటు ఈ చుట్టుపక్కల అదొక్కటే, అందుకే ఏ ప్రతిపాదనలోనూ దాని పేరుండదు. పుస్తకాలకు రిబ్బను కత్తిరించే వీలు లేదు మరి. కన్సల్టెంటును అక్కడికి తీసుకెళ్తే కర్ర ఒక్కటీ ఫొటో తీసుకుని, “దీన్ని మన సెంటర్‌కి షిఫ్ట్ చేయొచ్చా సర్?” అన్నాడు. వాల్టర్ ఇలియట్ వంశం అంతరించిపోలేదు.

సరే, ప్రారంభోత్సవం అయిందనుకుందాం. శిలాఫలకం మీద పదిహేడు పేర్లు, దుగ్గిరాల వారిది లేదు, ఆయన ప్రోటోకాల్‌లో రాడు. ఫ్లెక్సీలో ఉన్నాడు, స్టాంపు అంత. టిక్కెట్టు యాభై రూపాయలు. మొదటి రోజే గేటు దగ్గర ఒక ముసలాయన ఆగాడు.

“యాభై ఎందుకురా అబ్బాయ్?”

“మెయింటెనెన్స్ తాతా.”

“మా ఊరి సంగతి మాకు చూపించటానికి మా దగ్గరే పన్నా? నేను కట్టను.”

“అయితే లోపలికి పోకూడదు.”

“పోను. ఇక్కణ్నుంచీ పోను.” ముసలాయన పైగుడ్డ పరిచి గేటుకు అడ్డంగా కూర్చున్నాడు. వెనక ఇంకో ఇద్దరు కూర్చున్నారు, ఎందుకో వాళ్లకీ తెలియదు. గేటు కుర్రాడు కమిషనరుకు ఫోన్ చేశాడు. కమిషనరు కన్సల్టెంటుకు చేశాడు. కన్సల్టెంటు రిసార్టులోంచి అంతా శ్రద్ధగా విని, ఒక్క సందేహం అడిగాడు:

“ఆయన ఎన్నాళ్లు కూర్చుంటాడట? 11 నెలలైతే చెప్పండి సర్, లోపల ఒక పాక ఖాళీగా ఉంది, జీతం మీద తీసుకుందాం.”